కుక్కపిల్లకు పళ్లు వస్తున్నాయా?

పోయిన వేసవిలో ఒక సోమవారం ఉదయం. ఓ.పి.లో చీటీలు పట్టుకున్నవారి వరస వరండా దాటి వేపచెట్టు దాకా వెళ్లింది. ఆ వరసలోంచి ఒకావిడ ఏడెనిమిదేళ్ల బాబును చేయి పట్టుకుని తీసుకువచ్చింది. బాబు కుడిచేతి మీద పసుపూ సున్నమూ కలిపి దట్టంగా పట్టించి ఉంది.

“ఏమైందమ్మా?” అన్నాను.

“ఏం లేదు డాక్టరు గారూ, మా టామీకి పళ్లొస్తున్నాయి. నిన్న ఆడుకుంటూ వీడి చేయి నోట్లో పెట్టుకుంది. కరవలేదండీ, ఊరికే పన్ను గీరుకుంది. మా అత్తగారు ఒకసారి చూపించి రమ్మంటే వచ్చాను” అందావిడ.

పసుపు కడిగించి చూశాను. ఆవగింజంతటివి రెండు గాట్లున్నాయి. ఒకదానిలో రక్తం గడ్డకట్టి ఉంది.

“టామీకి వయసెంత?”

“నాలుగో నెల వెళ్లి అయిదో నెల వచ్చిందండీ.”

“రేబిస్ టీకా వేయించారా?”

“పళ్లు రావడం పూర్తయ్యాక వేయిద్దామన్నారండీ మావారు. అది రాత్రంతా మూలుగుతుంటే చూడలేక, బాబుకిచ్చే జ్వరం మందే నిన్న అరచెంచా పట్టించారు కూడా.”

ఆ ఇంట్లో అందరూ చదువుకున్నవారే. కుక్కపిల్ల అంటే ప్రాణం పెట్టేవారే. అయినా ఒక్క పూటలో మూడు తప్పులు జరిగిపోయాయి. గాటును సబ్బుతో కడగకుండా పసుపూ సున్నమూ పెట్టారు. కుక్కకు మనుషుల మందు పోశారు. పళ్ల సాకుతో టీకా వాయిదా వేశారు. ఇలాంటి ఇళ్లు మన ఊళ్లలో చాలా ఉంటాయి గనుక ఈ వారం కుక్కపిల్లల పళ్ల సంగతి రాస్తున్నాను. “మీరు మనుషుల డాక్టరు కదా, కుక్కల గొడవ మీకెందుకు?” అని అడగవచ్చు. ఆ పళ్లు చివరికి దిగేది మనుషుల చర్మంలోనే. అందుకని నాకు తప్పదు. పైగా నాలుగేళ్ల కిందట మా అమ్మాయి ఒక కుక్కపిల్లను ఇంటికి తెచ్చింది. అది నా చెప్పులు మూడు జతలు నమిలి నాకు పాఠం చెప్పింది. మిగతాది పశువైద్యుడైన నా మిత్రుడు చెప్పాడు.

పాలపళ్లు, అసలు పళ్లు

మన పిల్లల్లాగే కుక్కపిల్ల కూడా బోసినోటితోనే పుడుతుంది. మూడో వారంలో పాలపళ్లు మొలవడం మొదలై, రెండు నెలలు నిండేసరికి మొత్తం 28 వస్తాయి. ఇవి సూదుల్లా ఉంటాయి. మూడున్నర, నాలుగు నెలల వయసులో ముందు పళ్లు ఊడటం మొదలవుతుంది. తర్వాత కోరపళ్లు, దవడపళ్లు మారతాయి. ఆరేడు నెలలు వచ్చేసరికి 42 అసలు పళ్లు వచ్చేస్తాయి. మనకు పాలపళ్లు 20, అసలు పళ్లు 32. అంటే మనకంటే ఎక్కువ పళ్లు అది మూడు నాలుగు నెలల్లోనే తెచ్చుకోవాలి. మన పిల్లలకు ఆరేడేళ్లు పట్టే పని అది. చిగుళ్లు సలపడంలో వింతేముంది?

ఈ రోజుల్లో అది చొంగ కారుస్తుంది. దొరికినదల్లా నములుతుంది. చిగుళ్లు ఎర్రబడతాయి. ఆడుకునే బొమ్మ మీద ఒకటి రెండు రక్తపు చుక్కలు కనిపించవచ్చు. గట్టి తిండి తినేటప్పుడు తల పక్కకు వంచి ఒకవైపే నములుతుంది. ఊడిన పాలపన్ను చాలాసార్లు మింగేస్తుంది. దానివల్ల ప్రమాదమేమీ లేదు. ఇవన్నీ మామూలు లక్షణాలే.

ఇక మామూలు కానివి. పిల్లలకు విరేచనాలైనా జ్వరమొచ్చినా “పళ్లొస్తున్నాయిలెండి” అని ఊరుకునే తల్లులను నేను ముప్పయ్యేళ్లుగా చూస్తున్నాను. పళ్లు వస్తే పెద్ద జ్వరం రాదు, విరేచనాలు పట్టుకోవు. ఈ మాట కుక్కపిల్లకూ వర్తిస్తుంది. వాంతులు, నెత్తురు విరేచనాలు, జ్వరం, రెండు పూటలుగా ఏమీ ముట్టకుండా మూలన పడి ఉండటం, ఇవి పళ్ల వల్ల వచ్చేవి కావు. ఈ వయసులోనే పార్వో అనే పేగుల జబ్బు కుక్కపిల్లలను ఒకటి రెండు రోజుల్లో ఎత్తుకుపోతుంది. అలాంటప్పుడు పళ్ల మీద నెపం వేయకుండా ఆ పూటే పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఇంట్లో చేయదగినవి

చిగుళ్ల సలపరానికి చల్లదనమే మంచి మందు. చేతిరుమాలంత శుభ్రమైన నూలు గుడ్డను నీళ్లలో తడిపి, మెలిపెట్టి, మధ్యలో ఒక ముడి వేసి గంటసేపు ఫ్రిజ్ పైఅరలో ఉంచండి. గట్టిపడ్డాక ఒక కొస మీరు పట్టుకుని రెండో కొస దాని నోటికి అందివ్వండి. అయిదు పది నిమిషాలు నమలనిచ్చి, మెత్తబడగానే తీసేయండి. గుడ్డకు పోగులు వేలాడకూడదు. పోగులు మింగితే పేగుల్లో చిక్కుపడతాయి. ఫ్రిజ్ లేనివారు కుండనీళ్లలో తడిపి ఇచ్చినా కొంత ఉపశమనం ఉంటుంది.

ఫ్రిజ్‌లో పెట్టిన క్యారెట్టును ముక్కలు చేయకుండా ఇవ్వవచ్చు. నమలగా నమలగా చిన్నదైతే గొంతుకు అడ్డుపడుతుంది గనుక వేలెడు మిగలగానే తీసేసుకోవాలి. పెద్ద ఐసు గడ్డలు మాత్రం వద్దు. వాటిని కొరకబోతే పన్నే విరగవచ్చు.

కుక్కల కోసం అమ్మే మెత్తని రబ్బరు బొమ్మలు రెండు మూడు కొని, రోజుకొకటి మార్చి మార్చి ఇవ్వండి. కొనేటప్పుడు బొటనవేలి గోటితో నొక్కి చూడండి. గోరు దిగినట్టు కనిపిస్తే అది పంటికి అనువైనది. గోరు దిగకపోతే పన్ను విరిచేంత గట్టిదని లెక్క. బొమ్మ దాని నోట్లో పూర్తిగా పట్టేంత చిన్నది కాకూడదు. ముక్కలు ఊడుతున్న బొమ్మను పారేయండి.

తిండిని ఈ నెలల్లో కాస్త మెత్తగా పెట్టండి. దుకాణంలో కొన్న గుళికల తిండి అయితే గోరువెచ్చని నీళ్లలో పావుగంట నానబెట్టండి. ఇంటి తిండి అయితే మెత్తటి అన్నంలో ఉడికిన గుడ్డో, ఎముక తీసిన కోడిమాంసమో కలపండి. ఉప్పూ కారమూ ఉల్లిపాయా లేకుండా విడిగా వండాలి. తాగే నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి.

ఇంట్లో చేయకూడనివి

పిల్లలకిచ్చే పారాసిటమాల్, మనం వాడే ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కుక్కకు వేయవద్దు. మొదటిది మోతాదు మించితే కాలేయాన్నీ రక్తాన్నీ దెబ్బతీస్తుంది. తక్కిన రెండూ జీర్ణాశయంలో పుండ్లు పుట్టించి మూత్రపిండాలను పాడుచేస్తాయి. మనకు చిన్న మోతాదనిపించేది మూడు కిలోల ప్రాణికి పెద్ద మోతాదు. పంటినొప్పికి మనం రాసుకునే లవంగనూనె, మందులషాపులో అమ్మే చిగుళ్ల జెల్లులు కూడా వాడవద్దు. నొప్పి మరీ ఎక్కువగా ఉంటే తగిన మందు పశువైద్యుడే రాసిస్తాడు. ఆ బాబు తల్లితో కూడా “మందు సీసా పట్టుకుని ఈ పూటే టామీని పశువుల ఆసుపత్రిలో చూపించండి” అని చెప్పి పంపాను.

ఉడికిన ఎముకలు పెట్టవద్దు. అవి చీలి సూదుల్లా గొంతులోనూ పేగుల్లోనూ గుచ్చుకుంటాయి. వేసవిలో మామిడి టెంక పడేస్తే కుక్క సంతోషంగా చీకుతుంది. చీకి చీకి మింగేస్తే పేగుకు అడ్డుపడి ఆపరేషను దాకా వెళ్లాల్సివస్తుంది. చాక్లెట్టు, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు విషం. చక్కెర లేని చూయింగ్ గమ్ములో వాడే జైలిటాల్ కూడా అంతే.

పాత చెప్పు ఆటకు ఇవ్వవద్దు. ఏది పాత చెప్పో ఏది పెళ్లికి కొన్న కొత్త చెప్పో దానికెలా తెలుస్తుంది? మనమే ఒక చెప్పు ఇచ్చి, రెండో చెప్పు కొరికిందని కొట్టడం న్యాయం కాదు. చెప్పులు అలమరలో పెట్టండి. కరెంటు తీగలు, సెల్‌ఫోను చార్జర్ల తీగలు దానికి అందకుండా పైకి కట్టండి. బీరువాలో వేసే కలరా ఉండలు, దోమల చక్రాలు, మాత్రల అట్టలు నేలమీద ఉండనీయవద్దు. పెరట్లో గన్నేరు ఉంటే దాని కొమ్మా ఆకూ నమలనీయకండి. గన్నేరు మనిషినీ పశువునూ కూడా చంపగలదు.

ఊగుతున్న పన్నును వేళ్లతో పీకవద్దు. దానంతటదే ఊడుతుంది. కొన్నిటికి, ముఖ్యంగా పమేరియన్ వంటి చిన్న జాతుల్లో, పాత కోరపన్ను ఊడకుండానే దాని పక్కన కొత్తది వచ్చేస్తుంది. రెండూ జంటగా కనబడితే పశువైద్యుడికి చూపించండి. వదిలేస్తే కొత్త పన్ను వంకరపోతుంది, మధ్యలో తిండి ఇరుక్కుని చిగురు చెడుతుంది.

చేయి కొరికే అలవాటు

మొక్కై వంగనిది మానై వంగదు. పాలపళ్లతో చేయి కొరకడం ముద్దుగా ఉందని నవ్వితే, అసలు పళ్లొచ్చాక అదే చేయి నెత్తురు కారుతుంది. చేతులతోనూ కాళ్లతోనూ దానితో ఆడవద్దు. ఆటకు ఎప్పుడూ బొమ్మే చేతిలో ఉండాలి. అది చేయి నోట పట్టినప్పుడు చేయి విదిలించి లాగితే దానికి ఆట అనిపిస్తుంది, పన్ను కూడా గీరుకుంటుంది. కదలకుండా నిలబడి, పట్టు వదలగానే ఆట ఆపి, ముఖం తిప్పుకుని అరనిమిషం పక్కకు వెళ్లిపోండి. తిరిగి వచ్చి బొమ్మ అందివ్వండి. బొమ్మ కొరికితే మెచ్చుకోండి. పదిసార్లు చేయగా చేయగా దానికి అర్థమవుతుంది. కొట్టడం, మూతి నొక్కిపట్టడం వల్ల భయం పెరుగుతుంది. భయపడ్డ కుక్క నిజంగా కరుస్తుంది.

ఇంటిల్లిపాదీ ఒకే పద్ధతి పాటించాలి. నాన్న కసిరి, తాతయ్య చేయి కొరకనిచ్చి నవ్వుతుంటే అది ఎవరి మాట వినాలి? పిల్లలకు మూడు నియమాలు చెప్పండి. అది తింటున్నప్పుడూ నిద్రపోతున్నప్పుడూ ముట్టుకోకూడదు. దాని ముఖం దగ్గర ముఖం పెట్టకూడదు. దాని నోట్లోది లాక్కోకూడదు. చిన్నపిల్లలను కుక్కపిల్లతో ఒంటరిగా వదలవద్దు.

పన్ను గీరుకుంటే

చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలంటారు. కుక్కపిల్ల గాటు విషయంలోనూ అంతే. రేబిస్ పురుగు చొంగలో ఉంటుంది. అది లోపలికి పోవడానికి పెద్ద కాటు అక్కర్లేదు, చర్మం గీరుకుంటే చాలు.

గాటు పడగానే కుళాయి కింద పెట్టి, ధారగా పడే నీళ్లతో సబ్బు రాస్తూ పావుగంటసేపు కడగండి. గడియారం చూసి మరీ కడగండి. ఈ ఒక్క పని ప్రమాదాన్ని చాలావరకు తగ్గిస్తుంది. తర్వాత పోవిడోన్ అయోడిన్ ఉంటే రాయండి. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి పెట్టవద్దు. కట్టు బిగించవద్దు. నేరుగా ఆసుపత్రికి రండి.

చెక్కుచెదరని చర్మాన్ని నాకితే కడుక్కుంటే చాలు. రక్తం రాకుండా గీరుకున్నా టీకా వేయించుకోవాలి. పన్ను దిగి రక్తం వచ్చినా, పాత పుండు మీద నాకినా, చొంగ కంట్లోనో నోట్లోనో పడినా టీకాతోపాటు ఇమ్యూనోగ్లోబులిన్ అనే మందును గాటులోనే ఎక్కించాలి. టీకా శరీరంలో రక్షణ తయారుచేసే లోపల ఆ మందు కాపు కాస్తుంది.

నేను హౌస్‌సర్జన్‌గా ఉన్న రోజుల్లో బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు వేసేవాళ్లం. ఆ భయంతోనే చాలామంది రాకుండా పారిపోయేవారు. ఆ పాతరకం టీకా తయారీని మన దేశంలో 2004 చివర ఆపేశారు. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి చిన్న సూదితో మొదటి రోజు, మూడు, ఏడు, ఇరవై ఎనిమిదో రోజుల్లో వేస్తారు. మొదటి సూది పడిన రోజును సున్నాగా లెక్కించాలి. డబ్బు తీసుకోరు. గర్భిణులూ బాలింతలూ చంటిపిల్లలూ కూడా వేయించుకోవచ్చు. పథ్యం ఏమీ లేదు. ఇదివరకు పూర్తిగా టీకాలు వేయించుకున్నవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి, వారికి తక్కువ ఇంజక్షన్లు సరిపోతాయి. “కుక్కపిల్ల పది రోజులు బతుకుతుందో లేదో చూసి వేయించుకుందాం” అని మాత్రం ఆగవద్దు. దాన్ని గమనిస్తూ ఉండండి, మీరు మాత్రం టీకా మొదలుపెట్టండి.

చొంగ కారడం, కనిపించినదల్లా కొరకడం రేబిస్ పట్టిన కుక్కపిల్లలోనూ ఉంటాయి. అందుకే పోలిక జాగ్రత్తగా చూడాలి. పళ్లు వచ్చే కుక్కపిల్ల ఆడుతుంది, నీళ్లు తాగుతుంది, పిలిస్తే తోక ఊపుకుంటూ వస్తుంది. గొంతు మారి వింతగా అరవడం, మింగలేకపోవడం, కింది దవడ వేలాడటం, చీకట్లో నక్కడం, నడక తూలడం కనిపిస్తే అది పళ్ల బాధ కాదు. గొంతులో ఎముక ఇరుక్కుందనుకుని నోట్లో చేయి పెట్టవద్దు. దాన్ని ఒక గదిలో ఉంచి తలుపు వేసి పశువైద్యుడికి కబురు చేయండి.

చాలా ఏళ్ల కిందట ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో పనిచేస్తుండగా ఒక తండ్రి తన తొమ్మిదేళ్ల కొడుకును భుజం మీద వేసుకుని వచ్చాడు. కుర్రవాడు గ్లాసులో నీళ్లు చూస్తే గొంతు పట్టేసి వణికిపోతున్నాడు. రెండు నెలల కిందట వీధిలో దొరికిన కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకున్నాడట. అది వేలు కొరికింది. నాలుగు రోజులకు అది చచ్చిపోతే పెరట్లో పాతిపెట్టారు. “పాలపళ్లేగా సార్, ఏమవుతుందనుకున్నాం” అన్నాడా తండ్రి. లక్షణాలు కనబడ్డాక ఈ జబ్బును నయంచేసే మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆ రాత్రి ఆ గదిలో దీపం తగ్గించి కూర్చోవడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. 1885 జూలై 6న పాశ్చర్ టీకాతో బతికిన జోసెఫ్ మైస్టర్‌కు కూడా తొమ్మిదేళ్లే. అతడిని తల్లి వేళకు తీసుకువెళ్లింది. తేడా అంతే.

అంచేత కుక్కపిల్లకు మూడో నెల నిండగానే రేబిస్ టీకా వేయించండి. డాక్టరు చెప్పిన గడువుకు రెండోది, ఆ తర్వాత ఏటేటా వేయించాలి. పళ్లు వస్తున్నాయని ఆపనక్కర్లేదు. ఏటా జూలై 6న చాలాచోట్ల పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఈ టీకా ఉచితంగా వేస్తారు. పార్వో వంటి జబ్బుల టీకాలు అంతకంటే ముందే, ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుకావాలి.

ఆ బాబుకు ఆ రోజే గాటులో మందెక్కించి మొదటి టీకా వేశాం. వాళ్లమ్మ ఒక్క తేదీ కూడా తప్పకుండా తీసుకువచ్చింది. టామీకి కాలేయం బాగానే ఉందన్నారనీ, గమనించి చూశాక దానికీ టీకా వేశారనీ చెప్పింది. ఇరవై ఎనిమిదో రోజున చివరి ఇంజక్షను అయ్యాక బాబు జేబులోంచి అగ్గిపెట్టె తీసి నా బల్ల మీద పెట్టాడు. లోపల దూది మీద బియ్యపుగింజంత పాలపన్ను ఉంది.

“టామీదండీ. నా పన్ను ఊడితే మామ్మ ఇంటి మీద వేయమంది. దీన్ని కూడా వేయవచ్చా?” అని అడిగాడు.

“వేయి బాబూ. వేశాక చేతులు సబ్బుతో కడుక్కో” అన్నాను.